ఫైల్లో రాయని సంగతులు

సోమవారం పొద్దున్న తొమ్మిదీ పదికి ఎంబ్రాయిడరీ వర్క్‌షాపులో ఐదు కంప్యూటర్లూ నిక్షేపంగా ఉన్నాయి. బాగాలేనిది వాటి ముందు కూర్చున్న మనుషులకే.

డిజైనరు తెర వైపు చూసి రెండుసార్లు కళ్ళు నులుముకుంది. మెషిన్ల హాల్లో మేస్త్రీ మౌస్‌ని తిరగేసి దాని పొట్ట కింద ఏముందో చూస్తున్నాడు. పెద్దల్లుడి కుర్చీ ఖాళీగా ఉంది, అది మామూలే. అద్దాల గదిలో ఓనరైన అత్తగారు మాత్రం కంప్యూటర్ని చూడటం లేదు. తలుపు దగ్గర నిలబడ్డ చిన్నల్లుణ్ణి చూస్తోంది.

"అల్లుడుగారూ," అంది.

అత్తగారు అతన్ని 'బాబూ' అని పిలుస్తుంది, 'నువ్వు' అంటుంది. పిలుపుకి 'గారు' తగిలి మాట 'మీరు'లోకి దిగిందంటే ఎక్కడో ఏదో తగలబడుతోందని లెక్క.

"మీరు నిన్న రోజంతా కూర్చుని బాగుచేసినవి ఇవేనా?"

"ఇవేనత్తయ్యా."

"పాడైనవే ఇంతకంటే బాగుండేవి."

నిజానికి ఆ కంప్యూటర్లు పాడైనవి కావు, పెంకెవి. చొక్కాల మీద పేర్లు, టోపీల మీద గుర్తులు, యూనిఫాంల మీద బ్యాడ్జీలు కుట్టే నాలుగు పెద్ద మెషిన్లకి అవి ఐదూ ఆధారం. పెళ్ళైన కొత్తలో "ఒక్కసారి ఆ ప్రింటరు చూడు బాబూ" అని అత్తగారు అడిగింది. చూడ్డానికి వెళ్ళిన చిన్నల్లుడు ఎనిమిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. ఐదింట్లోనూ నడిచేది లినక్స్ అనే సిస్టమే. కానీ ఏ అవసరం వస్తే ఆ కమాండు కొట్టుకుంటూ వచ్చాడు కాబట్టి, ఎనిమిదేళ్ళకి అవి ఐదు కంప్యూటర్లుగా మిగల్లేదు, ఐదు సంసారాలయ్యాయి. ఒకదానికి నచ్చిన అప్‌డేటు ఇంకోదానికి గిట్టదు. ఒకదాన్ని బుజ్జగిస్తే రెండోది అలుగుతుంది. ఏ రోజు ఏది మంచాన పడుతుందో తెలియక చిన్నల్లుడు ఊరు దాటింది లేదు. ఒకసారి సూట్‌కేసులు ఆటోలో పెట్టాక ఫోనొస్తే, వాటిని ఆటోలోంచి దించి ఇంట్లో పెట్టాడు.

అతని భార్య ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. మూడుసార్లు సెలవడిగితే కుదరదన్నారు. నాలుగోసారి పదిరోజులిచ్చారు. ఆమె ఆ సాయంత్రమే సముద్రం ఒడ్డున గది మాట్లాడి, శనివారం రైలుకి రెండు టికెట్లు తీసి, వాటిని మొగుడి ముందు పెట్టింది.

"ఈసారి మీ కంప్యూటర్లకి జ్వరమొస్తే నేనొక్కదాన్నే వెళ్తాను," అంది. "రెండు సీట్లలో కూర్చుంటాను. ఇద్దరి భోజనం నేనే తింటాను. ఫోటోలు కూడా పంపించను."

ఆమె కోప్పడి ఉంటే చిన్నల్లుడు భయపడేవాడు కాడు. నవ్వుతూ అంది. అందుకని నిద్ర పట్టలేదు.

అప్పుడే అతను సిస్టం మొత్తం మార్చెయ్యాలని నిర్ణయించుకున్నాడు. లినక్సే, కానీ వేరే రకం. పాతదాంట్లో కంప్యూటరుకి ఒక్కో పనీ చెప్పాలి. ఇది పెట్టు, అది తియ్యి, ఇంకోదాని నోరు మూయించు. అది చేస్తుంది, తర్వాత ఏం చేసిందో అదీ మర్చిపోతుంది, ఏం చెప్పాడో ఇతనూ మర్చిపోతాడు. కొత్తదాంట్లో చెప్పడం ఉండదు, రాయడమే. కంప్యూటర్లో ఏమేం ఉండాలో ఒక ఫైల్లో రాసిస్తే అది చదువుకుని తనంతట తానే అలా తయారవుతుంది. రాసింది ఉంటుంది, రాయనిది ఉండదు. తేడా వస్తే నిన్నటి రూపానికి తిప్పుకోవచ్చు. ఐదింటికీ ఒకే ఫైలు, ఐదూ కవలపిల్లలు.

"అంటే నువ్వు లేకపోయినా నడుస్తాయా?" అనడిగింది అత్తగారు.

"నడుస్తాయత్తయ్యా. నడవడానికే."

"అయితే ఒక షరతు. శుక్రవారం అగ్నిమాపక కేంద్రం వాళ్ళ మూడొందల చొక్కాలు వెళ్ళాలి. ఆ రోజు నువ్వు ఇంట్లో కూర్చో. సాయంత్రందాకా ఇక్కణ్ణించి నీకు ఒక్క ఫోను రాకపోతే శనివారం ఇద్దరూ రైలెక్కండి. వచ్చిందా, పాత డిస్కులు పాత చోటికి, నువ్వు నీ కుర్చీలోకి."

"మరి మీ అమ్మాయి?"

"అది నా కూతురు. దాన్ని ఆపడం నావల్లే కాలేదు, నీవల్ల ఏమవుతుంది."

పాత సిస్టం ఉన్న డిస్కులు ఐదింటినీ ఒక అట్టపెట్టెలో పెట్టి అత్తగారు తన బల్ల కిందకి తోసుకుంది.

చిన్నల్లుడు పని పద్ధతిగానే మొదలుపెట్టాడు. కాగితం, కలం పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్ళి, ఎవరి కంప్యూటర్లో ఏం కావాలని అడిగాడు. "డిజైన్లు గీసేది ఉంటే చాలు సార్," అంది డిజైనరు. "నాకేం కావాలి బాబూ, ఫైలొస్తే కుడతాను," అన్నాడు మేస్త్రీ. "లేబుళ్ళు ప్రింటయితే చాలు తమ్ముడూ," అన్నాడు పెద్దల్లుడు. అత్తగారైతే "లెక్కలు వేసుకునేది ఒక్కటే. నాకు వేరే సరదాలేమున్నాయి," అంది. ఇంత తక్కువ కోరికలున్న మనుషుల్ని చిన్నల్లుడు ఎక్కడా చూడలేదు. ఆ సంతోషంలో ఫైలంతా ప్రింటు తీసి, హాల్లో గోడకి అంటించాడు. పైన పెద్దక్షరాలతో 'ఈ కాగితంలో లేనిది మన కంప్యూటర్లలో లేదు' అని రాశాడు.

అతను చేసిన అసలు తప్పు అదే. అది అతనికి మంగళవారం రాత్రిదాకా తెలియలేదు.

సోమవారం మొదటి దెబ్బ డిజైనరు దగ్గర తగిలింది. అగ్నిమాపక కేంద్రం పేరు చొక్కా జేబు మీద గుండ్రంగా, దర్జాగా రావాలి. తెర మీద చూస్తే మందుసీసా మీద పేరులా పేలవంగా ఉంది.

"అక్షరాలు ఎందుకిలా ఉన్నాయి?" అనడిగాడు చిన్నల్లుడు.

"ఏమో సార్, మీరే మార్చారుగా."

"ఇంతకు ముందు వేరే ఫాంటు ఉండేదా?"

"ఉండేదేమో."

"ఎవరు పెట్టారు?"

డిజైనరు గోడ మీది కాగితం వైపొకసారి చూసి, తల దించుకుని, మౌస్‌కి పట్టిన దుమ్ము గోటితో గీకడం మొదలుపెట్టింది.

రెండో దెబ్బ అద్దాల గదిలోంచి వచ్చింది. వర్క్‌షాపులో మనుషులు మాట్లాడుకోవడానికి ఒక చిన్న చాట్ ప్రోగ్రాం ఉంది. దాంట్లో అత్తగారు ప్రతి పొద్దునా పెద్దల్లుడికి 'ఎక్కడున్నావు' అని రాస్తుంది. పది నిమిషాల్లో 'దారిలో ఉన్నానత్తయ్యా' అని జవాబు వస్తుంది. నాలుగేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. ఆ సోమవారం మూడుసార్లు రాసినా జవాబు లేదు. అత్తగారు కంగారుపడి పెద్దకూతురికి ఫోన్ చేసి, "మీ ఆయనకి ఒంట్లో బాగానే ఉందా" అనడిగింది. ఆ ప్రశ్నకి పెద్దకూతురు హడలిపోయి మొగుడికి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాల్లో పెద్దల్లుడు పరుగెత్తుకొచ్చాడు. సెలూన్లో కుర్చీలోంచి లేచొచ్చినట్టున్నాడు, గడ్డం ఒకవైపే గీసి ఉంది.

మధ్యాహ్నం అతను చిన్నల్లుణ్ణి దారాల గదిలోకి లాక్కెళ్ళాడు.

"తమ్ముడూ, నా కంప్యూటర్లో ఒక చిన్న వస్తువుండేది."

"ఏం వస్తువన్నయ్యా?"

"మాట్లాడే వస్తువు."

"ఏం మాట్లాడేది?"

"ఎక్కువేం కాదు. ఒక్క ముక్కే. దారిలో ఉన్నానని."

చిన్నల్లుడు గోడకి ఆనుకున్నాడు. "నాలుగేళ్ళుగా అత్తయ్యతో మాట్లాడింది ప్రోగ్రామా?"

"పది నిమిషాలాగి మరీ మాట్లాడేది. వెంటనే జవాబిస్తే అనుమానమొస్తుందని నేనే అలా పెట్టాను," అన్నాడు పెద్దల్లుడు కాస్త గర్వంగానే. "దాన్ని మళ్ళీ పెట్టెయ్యి."

"ఫైల్లో రాయాలి. ఫైలు గోడ మీదుంటుంది."

"రాయకుండా పెట్టు."

"రాయకపోతే అది ఉండదన్నయ్యా."

"రాస్తే నేనుండను తమ్ముడూ."

మంగళవారం బాతులొచ్చాయి.

మేస్త్రీ ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. మెషిన్ చప్పుడు విని ఏ సూది విరగబోతోందో చెప్పేస్తాడు. అతను తెర మీద ఫైలు ఎంచుకుని మీట నొక్కి, పన్నెండు చొక్కాలు ఒకేసారి బిగించి, దారం చుట్టిన బాబిన్లు సర్దుకోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి పన్నెండు చొక్కాల గుండెల మీదా నిప్పుకణిక ఉండాల్సిన చోట పసుపుపచ్చ బాతు ఉంది. ఒక కిండర్‌గార్టెన్ వాళ్ళు పోయిన నెల పిల్లల ఆప్రాన్ల కోసం చేయించుకున్న బాతు. ముక్కు నారింజ రంగులో, మెడలో రిబ్బను.

అత్తగారు ఒక చొక్కా తీసి, చేతుల్లో చాపి పట్టుకుని, చాలాసేపు చూసింది.

"అల్లుడుగారూ," అంది. "ఇల్లు అంటుకుని నేను మూడో అంతస్తులో చిక్కుకుంటే, నిచ్చెనెక్కి నా దగ్గరికి వచ్చేవాడు ఈ చొక్కా వేసుకునుంటే, నేను వాడితో దిగాలా వద్దా?"

పెద్దల్లుడు నవ్వు ఆపుకోలేక ప్యాకింగ్ బల్ల కిందకి వంగి ఏదో వెతికాడు.

"ఫైలు తప్పుగా ఎందుకు ఎంచావు మేస్త్రీ?" అనడిగాడు చిన్నల్లుడు, ఆమె వెళ్ళాక.

"నీ కొత్త కంప్యూటరు తిప్పింది బాబూ."

"కంప్యూటరు బాతుని ఎంచుకోదు."

"అయితే బాతే దాన్ని ఎంచుకుందేమో. నాకేం తెలుసు, చదువుకున్నోడివి నువ్వు."

ఆ సాయంత్రందాకా ఇద్దరూ కూర్చుని పన్నెండు బాతుల్ని ఈక ఈకా విప్పారు. అత్తగారు రెండుసార్లు బల్ల కిందకి వంగి అట్టపెట్టె మూత తీసి చూడటం చిన్నల్లుడు అద్దంలోంచి గమనించాడు.

ఇంటికెళ్ళాక భార్య ముందు కూలబడ్డాడు. "అందరూ అబద్ధాలాడుతున్నారు. అడిగితే ఏం కావాలో చెప్పరు, పెట్టకపోతే పని జరగదు. ఇంకెలా అడగాలి?"

ఆమె అతను అడిగిన పద్ధతంతా విని, కాగితం సంగతి రాగానే చెయ్యెత్తింది.

"గోడ మీదా?"

"అందరికీ తెలియాలని."

"మీకు బుద్ధుందా? మా ఆసుపత్రిలో రోగిని కూడా పరదా లాగి మరీ అడుగుతాం. మీరు మందుచీటీ తీసుకెళ్ళి గుమ్మానికి కట్టారు. ఎవడు చెప్తాడండీ తన రోగం?"

బుధవారం పొద్దున్నే చిన్నల్లుడు గోడ మీది కాగితం చించేశాడు. దారాల గదిలో రెండు స్టూళ్ళు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్కర్నీ పిలిచాడు. రంగురంగుల దారపు ఉండల మధ్య రహస్యాలు బయటికి రావడం మొదలైంది.

డిజైనరు ముందు తలుపు మూసిందో లేదో చూసుకుంది. "ఆ ఫాంట్లు నేనే గీశాను సార్. కానీ ఇంతకు ముందు పనిచేసిన చోట, వాళ్ళ టైములో గీశాను. వచ్చేటప్పుడు ఏమీ తెచ్చుకోలేదని అమ్మగారితో చెప్పాను."

"ఎన్ని?"

"పదకొండు. పన్నెండోది సగం."

"మధ్యాహ్నం భోజనం మానేసి గీసుంటావు, అవునా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "ఎలా తెలుసు?"

"ఇక్కడా అదే చేస్తున్నావుగా. పన్నెండోది ఇక్కడే పూర్తి చెయ్యి." అతను ఫైల్లో ఫాంట్ల లైను చేర్చాడు. ఆమె ఇంట్లో పెన్‌డ్రైవులో దాచుకున్న నకళ్ళు గంటలో తెచ్చిచ్చింది.

మేస్త్రీ ఇంత తేలిగ్గా లొంగలేదు. స్టూలు మీద కూర్చుని పదినిమిషాలు దారాల నాణ్యత గురించి మాట్లాడాడు. చిన్నల్లుడు ఒక ఊదారంగు ఉండ తీసి చూపించి, "దీని మీద నంబరెంత మేస్త్రీ?" అన్నాడు.

మేస్త్రీ ఉండని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, దీపం వైపు తిప్పాడు. తర్వాత ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా అమ్మాయి అక్షరాలు పెద్దవి చేసిపెట్టింది బాబూ, పాతదాంట్లో. ఒక్కోటి వేలెడంత. నువ్వు తీసేశావు. మెషిన్ నాకు చూడక్కర్లేదు, వింటే చాలు. ఆ తెర ఒక్కటే." గొంతు తగ్గించాడు. "కళ్ళజోడు పెట్టుకుంటే అమ్మగారు నన్ను ప్యాకింగులో కూర్చోబెడుతుంది."

"ఆవిడా కళ్ళజోడు పెట్టుకుంటుందిగా?"

"ఆవిడ ఓనరు. ఓనరు గుడ్డిదైనా ఫరవాలేదు."

చిన్నల్లుడు మేస్త్రీ తెర మీద అక్షరాలు రెండింతలు చేస్తూ, ఎవరి కోసమో చెప్పకుండా, ఫైల్లో ఒక లైను రాశాడు. బాతు ఫైలు వేరే ఫోల్డరులోకి వెళ్ళింది. మాట్లాడే వస్తువు మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. "అది పెట్టనన్నయ్యా," అని పెద్దల్లుడికి తేల్చి చెప్పాడు. పెద్దల్లుడు రెండురోజులు ముఖం మాడ్చుకుని, గత్యంతరం లేక నిజంగానే దారిలో ఉండి, నిజంగానే ఆ ముక్క తన చేత్తో టైపు చేశాడు. చెయ్యి నొప్పన్నాడు.

గురువారానికి మెషిన్లు నాలుగూ సాఫీగా కుడుతున్నాయి. రెండొందల నలభై చొక్కాలు పూర్తయ్యాయి, ఒక్క బాతు లేదు. అయినా అత్తగారు సంతోషంగా లేదు.

"నా కంప్యూటరు నెమ్మదిగా ఉంది," అంది. సోమవారం నుంచి ఇదే మాట.

చిన్నల్లుడు చూశాడు. లెక్కల షీటు రెప్పపాటులో తెరుచుకుంది. "బాగానే ఉందత్తయ్యా."

"పొద్దున్న బాగానే ఉంటుంది. మధ్యాహ్నం నెమ్మదవుతుంది."

"మధ్యాహ్నం ఎన్నింటికి?"

"రెండింటికి. రెండూ పదికి మళ్ళీ బాగుంటుందేమో, నేను చూళ్ళేదు. అసలు మధ్యాహ్నమంతా ఏదో వెలితిగా ఉంది."

వెలితిగా ఉండే కంప్యూటర్ని చిన్నల్లుడు అంతకు ముందు ఎరగడు. బయటికొచ్చి డిజైనర్ని అడిగాడు. ఆమె బల్ల అద్దాల గదికి పక్కనే. డిజైనరు అటూ ఇటూ చూసి గుసగుసలాడింది.

"భోజనమయ్యాక అమ్మగారు తలుపు వేసుకుంటారు సార్. టిక్కు టిక్కు మని మౌస్ చప్పుడు. మధ్యలో 'దొంగవెధవా, నల్ల రాణీని ఎక్కడ దాచావురా' అంటారు. పావుగంట. ఆ పావుగంటా మేమెవరం వెళ్ళం."

చిన్నల్లుడు ఫైల్లో చివర పేకాట లైను ఒకటి చేర్చాడు. కానీ అత్తగారు చదవకుండా దేన్నీ ఒప్పుకునే రకం కాదు. రేపు ఇంట్లో కూర్చునే ముందు ఫైలంతా ప్రింటు తీసి తన బల్ల మీద పెట్టమంది. ఎర్ర కలం పట్టుకుని పైనుంచి కిందకి చదువుతూ వచ్చింది. చివరి లైను దగ్గర కలం ఆగింది.

"ఇదేంటి?"

"పేకాటత్తయ్యా. ఒక్కరే ఆడుకునేది."

"ఎవరికి?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అత్తగారి ముఖం రాయిలా ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నాకు," అన్నాడు చిన్నల్లుడు.

"పనివేళల్లో పేకాటాడతారా అల్లుడుగారూ?"

"భోజనమయ్యాక, పావుగంట. బుర్ర తేలికపడుతుందని."

"పావుగంటేనా?"

"మించదు."

ఆమె కలం మూత పెట్టింది. "పావుగంటయితే సరే. కుర్రాడివి, నువ్వూ మనిషివే. నీ కంప్యూటర్లో పెట్టుకో."

"ఐదింటికీ ఒకటే ఫైలు కదత్తయ్యా. మీదాంట్లోకీ వస్తుంది."

"నాదాంట్లోకి కూడానా?" ఆమె ఒక నిట్టూర్పు విడిచింది. "తప్పదంటే ఏం చేస్తాం. రానీ."

మధ్యాహ్నం రెండింటికి అద్దాల గది తలుపు మూసుకుంది. ఆ తర్వాత ఎవరి కంప్యూటరూ నెమ్మదిగా ఉందన్న మాట వినపడలేదు.

శుక్రవారం చిన్నల్లుడు ఇంట్లో కూర్చున్నాడు. భార్య సెలవు ఆ రోజు నుంచే మొదలు. మంచం మీద సూట్‌కేసు తెరిచి బట్టలు మడతపెడుతోంది. ఫోను బల్ల మీద ఉంది. తొమ్మిదయింది. ఫోను మోగలేదు. తొమ్మిదిన్నర. మోగలేదు. గెలిచానని అతను అనుకుంటుండగా భార్య పిలిచింది.

"ఏంటండీ, బల్ల మీద టైపు చేస్తున్నారు?"

అతను చేతుల వైపు చూసుకున్నాడు. వేళ్ళు చెక్క మీద వాటంతటవే ఆడుతున్నాయి. ఒకటే వరస, మళ్ళీ అదే వరస.

చిన్నల్లుడికి నాలుగో మెషిన్ గుర్తొచ్చింది.

నాలుగో మెషిన్ పాతది. పొద్దున్నే దాని స్విచ్ వేస్తే, ఐదో కంప్యూటరు, అంటే బీరువాలో ఉండి మెషిన్లకి ఫైళ్ళు పంపే చిన్నల్లుడిది, దాన్ని గుర్తుపట్టదు. ఫైళ్ళు పంపే ప్రోగ్రాంని ఒకసారి ఆపి మళ్ళీ మొదలెట్టాలి. ఒక్క లైను. ఎనిమిదేళ్ళుగా రోజూ తొమ్మిదింటికి, సంచీ కూడా దించకుండా, ఆ లైను కొట్టి అప్పుడు కుర్చీలో కూర్చుంటాడు. ఈ వారం నాలుగు రోజులూ కొట్టాడు. అది పనని అతనికి తట్టనే లేదు. అందర్నీ స్టూలు మీద కూర్చోబెట్టి కూపీ లాగినవాడు, తనని తాను ఒక్క ప్రశ్న అడగలేదు.

భార్యకి చెప్పాడు. ఆమె మడతపెడుతున్న చీర అలాగే పట్టుకుని విన్నది.

"ఇప్పుడు నేనే ఫోన్ చేసి చెప్తే షరతు పోయినట్టే," అన్నాడు. "చెప్పకపోతే నాలుగో మెషిన్ ఆగి, అరవై చొక్కాలు మిగిలిపోతాయి."

"నన్నెందుకు చూస్తారు? నేను వద్దంటే ఊరుకుంటారా?"

"ఊరుకోను."

"మరి చెయ్యండి," అంది. చీర మడతపెట్టి సూట్‌కేసులో కాకుండా మంచం మీద పెట్టింది.

అత్తగారి ఫోను ఎంగేజ్. వర్క్‌షాపు ఫోను ఎత్తలేదు. డిజైనరూ ఎత్తలేదు. చిన్నల్లుడు చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తాడు. రెండు వీధులు, ఒక కూడలి. వర్క్‌షాపు కిటికీ దగ్గర రొప్పుతూ ఆగి, అద్దానికి ముఖం ఆనించాడు.

నాలుగు మెషిన్లూ నడుస్తున్నాయి. నాలుగోది అన్నిటికంటే జోరుగా నడుస్తోంది. మేస్త్రీ దాని పక్కన కళ్ళు మూసుకుని, తల ఊపుతూ వింటున్నాడు.

"దొంగచూపులేంటి?" అత్తగారు వెనకే నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసు.

"అత్తయ్యా, నేనొకటి చెప్పాలి. నాలుగో మెషిన్..."

"తొమ్మిదికి ఆగింది. తొమ్మిదింబావుకి నడిచింది."

"ఎలా?"

"ఆ డిజైన్ల పిల్ల బీరువాలో కంప్యూటర్ని అడిగింది. సోమవారం నుంచి నువ్వేం కొట్టావో అంతా అది దాచుకుంటుందటగా. చూస్తే నాలుగు రోజులు, తొమ్మిదింటికి, నాలుగు లైన్లు, అచ్చు ఒకటే. మెషిన్ స్విచ్ పడినప్పుడల్లా అది తనే చేసుకునేలా నీ ఫైల్లో రాసింది. నేను పక్కన కూర్చున్నాను. రెండు లైన్లు."

"రెండే లైన్లా?"

"ఒకటి చాలునంది. రెండోది నాకర్థమయ్యేలా రాయమన్నాను. 'అల్లుడు ఊళ్ళో లేనప్పుడు' అని."

ఎనిమిదేళ్ళ పొద్దుటిపూటలన్నీ రెండు లైన్లలో సర్దుకుపోయాయి. అతనికి ఆనందపడాలో, అలగాలో తేలలేదు. "నాకు ఫోన్ చేసి ఉండొచ్చుగా," అన్నాడు, కొంచెం అలిగే.

"చేస్తే నువ్వొస్తావు. వస్తే రేపు వెళ్ళవు." ఆమె టీ ఒక గుక్క తాగింది. "నేను పెట్టిన షరతు నీకనుకున్నావా బాబూ? నాకు. పొద్దున్నుంచి ఆ ఫోను ముట్టుకోకుండా ఉండలేక మా చెల్లెలికి చేసి అరగంట మాట్లాడాను. ఇంక ఇంటికి పో. అట్టపెట్టె కూడా పట్టుకుపో, కాళ్ళకి అడ్డం."

సాయంత్రం అయిదింటికి మూడొందల చొక్కాలూ వెళ్ళిపోయాయి.

శనివారం రైలు కదిలి గంటయింది. భార్య కిటికీ పక్కన కూర్చుని కాళ్ళు ఎదురు సీటు మీద చాపుకుంది. ఫోను మోగింది. అత్తగారు. మొదటి మోతకే చిన్నల్లుడు ఎత్తాడు.

"చెప్పండత్తయ్యా," అన్నాడు. ఆ గొంతులో ఉత్సాహానికి అతనికే సిగ్గనిపించింది. "ఏమయింది? ఏ మెషిన్?"

"నువ్వు కాదు బాబూ. అమ్మాయికివ్వు."

అమ్మాయి మాట్లాడింది. దుప్పట్ల గురించి, అక్క కొత్త కర్టెన్ల గురించి, ఎవరికో వచ్చిన తలనొప్పి గురించి. చిన్నల్లుడు చెవులు రిక్కించాడు. ఇరవై నిమిషాలయ్యాక ఆమె ఫోను పెట్టేసింది.

"ఏమన్నారు?"

"అంతా బాగానే ఉందట."

"అంతా అంటే?"

"అంతా."

"నాలుగో మెషిన్ సంగతి అడిగావా?"

"లేదు."

"అడగాల్సింది."

ఆమె ఫోన్లు రెండూ తన హ్యాండ్‌బ్యాగులో వేసి, జిప్ లాగి, బ్యాగుని తలకింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.